ఫోటో కింద ఒక్క లైను!

ఏ హీరోని ఇంటర్వ్యూ చేసినా ఒక ప్రశ్న తప్పదు. "చదువుకునే రోజుల్లో మీరెలా ఉండేవారు?" దానికి జవాబూ తప్పదు. "అబ్బో, నేను మహా అల్లరివాణ్ణండీ! లాస్ట్ బెంచీ!" ఎవర్నడిగినా ఇదే మాట. మనమూ సరేనని తలూపుతాం. నిజమో కాదో తేల్చుకుందామంటే ఆ లాస్ట్ బెంచీ వచ్చి సాక్ష్యం చెప్పదు కదా!

అమెరికాలో మాత్రం ఈ పప్పులు ఉడకవు. అక్కడ హైస్కూలు చదువు ముగించుకుని వెళ్లేవాళ్ల గురించి తోటి పిల్లలే రాసి, ఫోటోతో సహా అచ్చు వేయించి, చక్కగా బైండు చేయించి పెట్టేశారు. దాని పేరే ఇయర్‌బుక్. వందేళ్ల కిందటి సాక్ష్యం అట్టల మధ్య భద్రంగా ఉంది. ఎవరు నిద్రమొహం, ఎవరు వాగుడుకాయ, ఎవరు ఎవరి వెనక సైకిలేసుకుని తిరిగాడు... అన్నీ అందులోనే!

పాత సినిమాల పాటల పుస్తకాలు పోగేసే అలవాటున్న నాకు, ఈ ఇయర్‌బుక్కుల పిచ్చి కూడా కొన్నాళ్లుగా పట్టుకుంది. 1900 నుంచి 1930 దాకా వచ్చినవాటిని చాలావాటిని అక్కడి గ్రంథాలయాలవాళ్లు కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టారు. రాత్రి భోంచేసి కూర్చున్నానంటే ఇంట్లోవాళ్లు దీపం ఆర్పేదాకా లేవను. ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి ఒక పేజీ దగ్గర గుండె కలుక్కుమంటుంది. ఆ నవ్వూ, ఆ కలుక్కూ మీతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలూ.

తెర లేచిందిలా

ఈ కథకి మొదటి రీలు 1860 ప్రాంతాలది. జార్జ్ వారెన్ అనే ఫోటోగ్రాఫర్ అమెరికా తూర్పు ప్రాంతపు కాలేజీలకి వెళ్లి కుర్రాళ్ల ఫోటోలు తీసి అమ్మేవాడు. ఎవరికి కావలసిన మిత్రుల ఫోటోలు వాళ్లు కొనుక్కుని ఆల్బంగా కుట్టించుకునేవాళ్లు. ఆ తర్వాత హాఫ్‌టోన్ బ్లాకులు వచ్చాయి. అక్షరాలతోపాటే ఫోటో కూడా చవగ్గా అచ్చవడం మొదలైంది. ఇక చూస్కోండి! కాలేజీల సరదా హైస్కూళ్లకీ పాకింది.

ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో హైస్కూలు పాసవడమంటే మాటలు కాదు. 1900లో అమెరికాలో పదిహేడేళ్ల వయసువాళ్లు వందమందిలో హైస్కూలు పూర్తి చేసినవాళ్లు ఆరుగురే! 1920 నాటికి ఆ లెక్క పదిహేడుకి చేరింది. 1940కి గాని సగం దాటలేదు. మిగతావాళ్లు పొలాల్లోనో, ఫ్యాక్టరీల్లోనో, గనుల్లోనో చేరిపోయేవాళ్లు. ఇంకో విశేషం, 1900లో పాసైనవాళ్లలో మగపిల్లలకంటే ఆడపిల్లలే ఎక్కువ. మగపిల్లలు ముందే పనిలోకి వెళ్లిపోయేవారు మరి!

అంచేత ఆ పుస్తకంలో ఫోటో పడిందంటే ఊళ్లో ఆ ఇంటికి పండగే. ఇంటిల్లిపాదీ ఆ పేజీ తీసి చూసేవారు. సరిగ్గా ఆ ఫోటో కింద మిత్రబృందం ఒక చిచ్చుబుడ్డి పెట్టి ఉంచేది!

వరసగా రండి బాబూ

ఒక పేజీ తిప్పుదాం. కోడిగుడ్డు ఆకారంలో ఫోటో. అబ్బాయికి గడ్డం కిందదాకా గంజిపెట్టిన కాలరు. అమ్మాయికి తల వెనక గాలిపటమంత రిబ్బను. ఇద్దరూ నవ్వరు. ఏదో తాసీల్దారు ఎదుట నిలబడ్డట్టు బిగుసుకుపోయి ఉంటారు. కింద పేరు, ముద్దుపేరు, ఆడిన ఆటలు, వేసిన నాటకాలు. అన్నిటికీ అడుగున ఒక్క లైను.

అసలు సరదా అంతా ఆ లైనులోనే. అది చాలాచోట్ల ఫోటోలో ఉన్న శాల్తీ రాసుకునేది కాదు. పుస్తకం కూర్చే కుర్రబృందం తలా ఒకటి తగిలించేది. సగంమంది షేక్స్పియర్ని పట్టుకొచ్చేవారు. యుద్ధవీరుడి గురించి ఆయన రాసిన గంభీరమైన మాట తెచ్చి, ఫుట్‌బాల్ ఆటలో బంతిని చూసి పారిపోయేవాడికి అతికించేవారు. మనవాళ్లు వేమన పద్యాన్ని తిప్పి స్నేహితుడి మీద వదిలినట్టన్నమాట! మిగతా సగంమంది సొంత కవిత్వం.

మనుషుల రకాలు మాత్రం ఏ ఊళ్లోనైనా ఒకటే. రోజూ ఆలస్యంగా వచ్చి రోజూ కొత్త కారణం చెప్పేవాడు. నోరు మూస్తే జబ్బు చేసిందేమో అనిపించే అమ్మాయి. మొత్తం క్లాసుకి హోంవర్కు అప్పిచ్చే పుణ్యాత్ముడు. నెలకో అమ్మాయిని చూసి నిట్టూర్చే ప్రేమపిపాసి. చదువుతుంటే ఏ ఊరు పుస్తకమో మర్చిపోయి, వీడు మా వీధివాడే కదా అనిపిస్తుంది!

పుస్తకం చివర ఇంకో రెండు ఐటమ్స్ ఉండేవి. ఒకటి 'క్లాసు వీలునామా'. వెళ్లిపోయేవాళ్లు తమ ఆస్తిపాస్తుల్ని కింది క్లాసువాళ్లకి రాసిచ్చేవారు. రెండోది 'క్లాసు జోస్యం'. అందులో జోస్యుడు కలగనేవాడు, లేదా గాజుగోళంలో చూసేవాడు, లేదా గాల్లో ఎగిరే ఓడెక్కి ఇరవై ఏళ్ల తర్వాతి లోకానికి వెళ్లేవాడు. అక్కడ బుద్ధిమంతుడు సర్కసులో కనపడతాడు. నోట్లో నాలుక లేని అమ్మాయి వోటు హక్కు కోసం ఉపన్యాసాలు దంచుతూ ఉంటుంది. 1910 దాటాక, సినిమాలు వాడవాడలా వచ్చాక, జోస్యాల్లో ఎవరో ఒకరు వెండితెర మీద తేలడం కూడా మామూలైంది.

మన పిల్లలు వీలునామా రాస్తే ఎలా ఉంటుందో మచ్చుకి నేనొకటి అల్లాను. వినండి:

"కిటికీ పక్క బెంచీవాడు, కళ్లు తెరిచి నిద్రపోయే విద్యను తొమ్మిదో తరగతికి శాశ్వత హక్కులతో రాసిచ్చుచున్నాడు. క్యారేజీ గిన్నెలో ఆవకాయ తెచ్చే అమ్మాయి, ఆ గిన్నె ఖాళీ చేసే హక్కును మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మొదటి బెంచీ మహాశయుడు తన చెయ్యెత్తే అలవాటును స్కూలుకే విరాళమిచ్చినాడు. లెక్కల మాస్టారికి మేమంతా కలిసి ఇచ్చునది మనశ్శాంతి."

బాగుందా? ఇదీ పద్ధతి. ఇప్పుడు అసలు పాత్రల్ని ప్రవేశపెడతాను.

జోస్యుడికి తెలియని జోస్యం

1917. చికాగో పక్కనున్న ఓక్ పార్క్ హైస్కూలు. ఆ ఏడాది పుస్తకం పేరు 'సీనియర్ టాబ్యులా'. క్లాసు జోస్యం రాసే పని ఒక హుషారు కుర్రాడికి అప్పజెప్పారు. స్కూలు పత్రికలో హాస్యం రాస్తాడు, ఆర్కెస్ట్రాలో సెల్లో వాయిస్తాడు, ఫుట్‌బాల్ ఆడతాడు. సొంత అక్క కూడా అదే క్లాసు! మిత్రులు అతని ఫోటో కింద, వీణ్ణి మించిన తెలివైనవాడు దొరకడన్న అర్థం వచ్చేలా రాశారు. పొగడ్తో, చురకో మీరే తేల్చుకోండి.

ఆ కుర్రాడి పేరు ఎర్నెస్ట్ హెమింగ్వే.

అవునండీ, ఆ హెమింగ్వేయే! 1954లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అతని నవలతో తీసిన 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' 1932లో వచ్చింది. 1943లో 'ఫర్ హూమ్ ది బెల్ టోల్స్' వచ్చింది. రెంటిలోనూ గ్యారీ కూపరే హీరో. 1958లో 'ది ఓల్డ్ మేన్ అండ్ ది సీ'లో స్పెన్సర్ ట్రేసీ ముసలి జాలరిగా వేశాడు.

కాని నన్ను ఆపేసింది నోబెల్ బహుమతి కాదు, తారీకు. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది 1917 ఏప్రిల్‌లో. ఈ నవ్వుల జోస్యం అచ్చయింది జూన్‌లో. అందరి భవిష్యత్తూ చెప్పి నవ్వించిన కుర్రాడు, ఏడాది తిరిగేసరికి ఇటలీ యుద్ధరంగంలో అంబులెన్సు దళంలో ఉన్నాడు. 1918 జులై 8న ఫిరంగి గుండు పేలి కాళ్ల నిండా ఇనుప ముక్కలు దిగాయి. అప్పటికి పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు! 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' పుట్టింది ఆ అనుభవంలోంచే. క్లాసందరి జోస్యం చెప్పిన జోస్యుడికి తన పన్నెండు నెలలు కనపడలేదు.

ఆ సంవత్సరపు ఇయర్‌బుక్కులు ఏవి తెరిచినా నాకు నవ్వు సగంలో ఆగిపోయేది ఇందుకే.

ముద్దు బాకీ!

ఇది మాత్రం అచ్చంగా సినిమా కథే. 1901, మిస్సోరీ రాష్ట్రంలో ఇండిపెండెన్స్ అనే ఊరు. ఆ స్కూల్లో మొదటిసారి ఇయర్‌బుక్ తెచ్చారు. పేరు 'ది గ్లీమ్'. దానికి ఎడిటరు చార్లీ రాస్. క్లాసులో ఫస్టు. చదువు ముగిసిన రోజున ఇంగ్లీషు టీచరు మిస్ టిల్లీ బ్రౌన్ సంతోషం పట్టలేక చార్లీకి ఒక ముద్దిచ్చింది. పక్కనే ఉన్న కళ్లజోడు కుర్రాడు ఊరుకోలేదు, మాకు లేదా అన్నాడు. ఏదన్నా ఘనకార్యం చేసి రా, అప్పుడు చూద్దామంది టీచరమ్మ.

కళ్లజోడు కుర్రాడు కాలేజీకి వెళ్లలేకపోయాడు. తండ్రి వ్యాపారంలో చితికిపోయాడు. సైనిక కళాశాలకి వెళ్దామంటే చూపు అడ్డొచ్చింది. పొలం దున్నాడు. యుద్ధానికి వెళ్లొచ్చాడు. బట్టల దుకాణం పెట్టి మూసేశాడు. 1901 నాటి ఆ క్లాసుని వరసగా నిలబెట్టి, వీళ్లలో రేపు గొప్పవాడయ్యేది ఎవరని అడిగితే, అతనివైపు ఎవరైనా వేలు చూపించి ఉంటారా? నాకు నమ్మకం లేదు.

1945 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. హ్యారీ ట్రూమన్!

పత్రికా కార్యదర్శిగా ఎవర్ని పెట్టుకున్నాడో తెలుసా? పాత మిత్రుడు చార్లీ రాస్‌నే! చార్లీ అప్పటికే పులిట్జర్ బహుమతి అందుకున్న జర్నలిస్టు. ఇద్దరూ కలిసి ఆ టీచరమ్మకి ఫోను చేశారు. ఇప్పుడైనా నా ముద్దు బాకీ తీరుస్తారా, ఆ పాటి పని చేశానంటారా అని ట్రూమన్ అడిగాడు. తప్పకుండా చేశావందావిడ. నలభై నాలుగేళ్ల బాకీ!

అన్నట్టు, ఆ క్లాసులోనే బెస్ వాలస్ అనే అమ్మాయి కూడా ఉంది. చిన్నప్పట్నుంచీ ట్రూమన్‌కి ఆమె తప్ప మరో లోకం లేదు. మన సినిమాలో అయితే రెండో రీలుకే డ్యూయెట్ పెట్టేస్తారు. వీళ్ల పెళ్లి మాత్రం 1919లో జరిగింది. క్లాసు వదిలాక పద్దెనిమిదేళ్లకి! ఓపిక అంటే అదీ.

నుదుట వేసిన ముద్ర

ఇంతసేపూ తియ్యతియ్యగా చెప్పానని ఈ పుస్తకాలన్నీ పూలతోటలనుకోకండి. వాటిలో ముళ్లూ ఉన్నాయి. లావుగా ఉన్న పిల్లమీద, నత్తి ఉన్న పిల్లాడిమీద, వేరే దేశం నుంచి వలసవచ్చిన కుటుంబంవాళ్ల యాసమీద జోకులు. మొహాలకి నల్లరంగు పూసుకుని నల్లజాతివాళ్లని వెక్కిరిస్తూ వేసిన నాటకాల ఫోటోలు కూడా గర్వంగా అచ్చువేసుకున్నారు. వెక్కిరింపుకి గురైనవాడు ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లి అమ్మకి ఎలా చూపించాడో అని ఆలోచిస్తాను.

ల్యాంగ్‌స్టన్ హ్యూస్ సంగతి చూడండి. తర్వాతి కాలంలో నల్లజాతి మహాకవి. 1916లో, ఇలినాయ్ రాష్ట్రంలోని లింకన్ అనే ఊళ్లో ఎనిమిదో తరగతి ముగిస్తున్నాడు. క్లాసుకో కవిని ఎన్నుకోవాలి. అతనప్పటికి ఒక్క కవితా రాయలేదు! అయినా ఎన్నుకున్నారు. కారణం ఆయనే తర్వాత తన ఆత్మకథలో చెప్పాడు. కవిత్వానికి లయ కావాలని టీచరు చెప్పింది, నల్లవాళ్లకి లయ పుట్టుకతో వస్తుందని తెల్లపిల్లల నమ్మకం, క్లాసులో ఉన్న నల్లపిల్లలు ఇద్దరు. అదీ లెక్క!

చులకనో, అభిమానమో, మొత్తానికి వేసేశారు ముద్ర. కుర్రాడు ఏం చేశాడు? ఇంటికెళ్లి కూర్చుని రాశాడు. ఎనిమిదిమంది టీచర్లకి ఎనిమిది పద్యాలు, క్లాసుకి ఎనిమిది. టీచర్లంత గొప్ప టీచర్లు లేరు, క్లాసంత గొప్ప క్లాసు లేదు అని! చప్పట్లు మార్మోగాయి. ఆ తర్వాత క్లీవ్‌లండ్‌లో సెంట్రల్ హైస్కూలుకి వెళ్లాడు. అక్కడా క్లాసు కవి అతనే, ఇయర్‌బుక్ ఎడిటరూ అతనే. 1920లో చదువు ముగించి, ఆ వేసవిలోనే రైల్లో మిసిసిపీ నది దాటుతూ నదుల మీద రాసిన కవిత మరుసటేడు అచ్చయి అతనికి పేరు తెచ్చింది. 1939లో 'వే డౌన్ సౌత్' అనే హాలీవుడ్ సినిమాకి రచయితల్లో ఒకడు కూడా.

ఎవరో వేసిన ముద్రని తన సొంత సంతకంగా మార్చుకున్నాడు. అందరికీ అది సాధ్యమా? కాదు. ఒక్క హ్యూస్ ఉంటే, ఆ ముద్ర మోయలేక తల దించుకున్నవాళ్లు ఎందరో!

1928 బ్యాచ్

సినిమా ప్రియులకి నచ్చే సంవత్సరం ఇది. ఆ ఏడాది ఇలినాయ్‌లోని డిక్సన్ హైస్కూల్లో 'డచ్' అనే ముద్దుపేరున్న కుర్రాడు చదువు ముగించాడు. విద్యార్థి సంఘం అధ్యక్షుడు, నాటకాల్లో నటుడు, వేసవిలో నది ఒడ్డున కాపలా ఉండి మునిగిపోయేవాళ్లని రక్షించేవాడు. ఏడు వేసవుల్లో మొత్తం 77 మందిని కాపాడాడని లెక్క. ఇయర్‌బుక్‌లో అతని ఫోటో దగ్గర, జీవితాన్ని ఒక కమ్మని పాటతో పోల్చిన కులాసా మాట ఉంది. పాట మొదలెట్టడమే తరువాయి అనుకున్నారు. మరుసటేడు, 1929లో, అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. పాట ఆగి, రొట్టె కోసం క్యూలు మొదలయ్యాయి! ఆ కుర్రాడు రేడియోలో ఆటల వ్యాఖ్యానం చెప్పి, 1937లో సినిమాల్లోకి వచ్చి, 1981లో దేశాధ్యక్షుడయ్యాడు. రోనాల్డ్ రీగన్!

అదే 1928లో పెన్సిల్వేనియాలోని మెర్సర్స్‌బర్గ్ అకాడమీలో ఇంకో సన్నటి పొడుగు కుర్రాడు పాసయ్యాడు. ఇయర్‌బుక్‌కి బొమ్మల విభాగం చూసింది అతనే. పేరు జేమ్స్ స్టివార్ట్. అవును, హిచ్‌కాక్ 'రేర్ విండో', 'వెర్టిగో' హీరో!

ఇప్పుడొక తమాషా చూడండి. ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో హీరో స్టివార్టే. అందులో హైస్కూలు వీడ్కోలు డాన్సు సీనుంది కదా, ఆ హాల్లో స్వాగతం చెప్పేది ఏ బ్యాచ్‌కో తెలుసా? 1928! స్టివార్ట్ స్కూలు వదిలిన సంవత్సరమే! హీరో, హీరోయిన్ డోనా రీడ్ చార్ల్‌స్టన్ డాన్సు చేస్తుంటే కాళ్లకింద నేల రెండుగా విచ్చుకుంటుంది. కింద ఈతకొలను. ఇద్దరూ దభీమని నీళ్లలో! ఆపైన అందరూ దూకేస్తారు. సెట్టు కాదండోయ్, బెవర్లీ హిల్స్ హైస్కూల్లో నిజంగానే ఉన్న ఏర్పాటు అది.

అదే రాత్రి హీరో తండ్రికి పక్షవాతం. ప్రపంచమంతా తిరుగుతానన్నవాడు, వంతెనలు కడతానన్నవాడు ఊళ్లోనే ఉండిపోతాడు. సినిమా అంతా ఆ ఉండిపోయినవాడి కథే. ఇటలీ నుంచి వలసవచ్చి, వార్తాపత్రికలు అమ్ముకుంటూ చదివి, 1915లో లాస్ ఏంజెలిస్‌లో హైస్కూలు పాసైన కాప్రాకి ఆ డాన్సు హాలు బయట నిలబడ్డవాడి మనసు తెలుసు. జోస్యం ఫలించనివాడి జీవితం వృథా కాదని ఆయన సినిమా తీసి చూపించాడు.

మిగతావాళ్లు?

నేను పేర్లు చెప్పినవాళ్లు గొప్పవాళ్లయ్యారు గనక మనం మాట్లాడుకుంటున్నాం. అదే పేజీలో, పక్క ఫోటోలో ఉన్నవాళ్లు? చాలామంది గురించి లోకంలో మిగిలిన హాస్యం ఆ ఒక్క లైనే! ఆమె నవ్వితే వరండా చివరిదాకా వినపడేదనీ, అతను జేబులో ఎప్పుడూ వేరుశెనక్కాయలు పెట్టుకునేవాడనీ రాసే స్నేహితులు ఇంకెక్కడ దొరుకుతారు? ప్రభుత్వం దగ్గర పుట్టిన తేదీ ఉంటుంది, పోయిన తేదీ ఉంటుంది. నవ్వు ఎలా ఉంటుందో ఏ రిజిస్టర్లోనూ రాయరు. పక్కబెంచీవాడే రాయాలి.

నా పదో తరగతి ఆటోగ్రాఫ్ పుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో దాదాపు అందరిదీ ఒకే రకం కవిత్వం. చందమామ, పూలతోట, మరువకు మిత్రమా! ఎవరు ఏది రాశారో పేరు చూస్తేగాని చెప్పలేను. ఒకడు మాత్రం రాశాడు: "వీడు లెక్కల పీరియడ్లో కిటికీలోంచి సినిమా పోస్టరు చదువుతాడు. లెక్క అడిగితే హీరోయిన్ పేరు చెబుతాడు." ఆ కవితలన్నీ మర్చిపోయాను గాని ఈ ముక్క మర్చిపోలేదు. ఎందుకంటే వాడు నన్ను చూసి రాశాడు!

అందుకని, ఈ ఏడాది చదువు ముగించి వెళ్తున్న తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ నాదొక మనవి. ఇవాళ మీకు వాట్సాప్ గ్రూపులున్నాయి, సెల్ఫోన్లో వేల ఫోటోలున్నాయి. సంతోషం! కాని ఒక్కొక్క ఫోటో కింద ఒక్కొక్క లైను రాసి పెట్టండి. చందమామని వదిలేసి మనిషిని చూసి రాయండి. నవ్వించండి, కాని ఇంటికెళ్లి అమ్మకి చూపించుకోగలిగేలా రాయండి. ఎవరు కలెక్టరవుతారో, ఎవరు హీరో అవుతారో మీకు తెలియదు, నాకూ తెలియదు. జేబులో వేరుశెనక్కాయలు ఎవరికున్నాయో మాత్రం మీకే తెలుసు!